స్కీలు దొంగల పాలు కాకుండా ఎలా కాపాడుకోవాలి? ఫిబ్రవరిలో ఆస్ట్రియా ప్రయాణం

కొర్లగుంట_విశ్రాంతి (తిరుపతి) | డిసెంబరు 6, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఈ వేదికలో నేను ఇంతవరకు అడిగినవన్నీ కొళాయి నీళ్లు, పింఛను, మోకాళ్ల నొప్పుల గురించే. ఈసారి ప్రశ్న కాస్త వింతగా ఉంటుంది, నవ్వకండి.

మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి నుంచి రెండు గంటలు కారులో వెళ్తే ఆస్ట్రియా మంచుకొండలు. చలికాలం వస్తే ఆ ఊళ్లో అందరికీ స్కీయింగ్, అంటే కాళ్లకు పొడవాటి బల్లలు (స్కీలు) బిగించుకుని మంచుమీద జారే ఆట, పిచ్చి పడుతుందట, మావాడికీ అంటుకుంది. కిందటేడు జీతంలో మిగిల్చి సొంత స్కీలు కొన్నాడు. మన రూపాయల్లో అరవై వేల పైమాటే. కొన్న మూడో వారానికే పోయాయి. మధ్యాహ్నం కొండమీద భోజనశాల బయట, అందరూ పెట్టే చెక్క కమ్మీకే ఆనించి లోపలికి వెళ్లాడు. సూపు తాగి వచ్చేసరికి చేతికర్రలు రెండూ ఉన్నాయి, స్కీలు లేవు. ఆ ఇనుప గుండ్లలాంటి బూట్లతో టకటకలాడుతూ కేబుల్ కారు దాకా నడిచి కిందికి దిగాడు.

ఇప్పుడు ఫిబ్రవరిలో నేను, మా ఆవిడ, అమ్మాయి వెళ్తున్నాం. ఆరు రోజులు. మాకు అద్దె స్కీలు. పోతే దుకాణంవాడికి కట్టాల్సింది మేమే కదా. అబ్బాయిని అడిగితే "నాన్నా, ఇక్కడ అందరూ అలాగే వదిలేసి వెళ్తారు" అంటాడు. పోగొట్టుకున్నవాడే ఈ మాట అంటుంటే నాకు ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? అనుభవం ఉన్నవారు చెప్పండి.

రేణిగుంట_రైలు | డిసెంబరు 6, రాత్రి 9:31

తిరుపతి వేదికలో మంచు చర్చా! మా వీధిలో వారం నుంచి దీపం వెలగడం లేదని పెట్టిన ప్రశ్నకు ఒక్కరూ జవాబు ఇవ్వలేదు.

చెప్పుల_శాస్త్రి (తిరుపతి) | డిసెంబరు 6, రాత్రి 9:58

అయ్యా, నేను మంచును ఫ్రిజ్‌లో తప్ప చూసినవాడిని కాను. కానీ బయట వదిలిన జత సామాను కాపాడుకోవడంలో నాకు నలభై ఏళ్ల అనుభవం ఉంది. పెళ్లిచూపులకు కొన్న తోలు చెప్పులు ఒక గుడి బయట పోగొట్టుకున్న నాటి నుంచి నాది ఒకటే పద్ధతి. కుడి చెప్పు తూర్పు గోడ దగ్గర, ఎడమ చెప్పు కొబ్బరికాయల అంగడి దగ్గర. ఒంటి చెప్పును ఎత్తుకుపోయే తెలివితక్కువ దొంగ ఇంకా పుట్టలేదు.

స్కీలు కూడా జతే కదా?

జెనీవా_జ్యోతి | డిసెంబరు 7, మధ్యాహ్నం 1:20

శాస్త్రి గారూ, మీరు సరదాగా అన్నారేమో కానీ, ఆల్ప్స్ కొండల్లో అనుభవజ్ఞులు చెప్పే మొదటి సలహా అదే! నేను భవానీ నగర్ అమ్మాయిని, పదకొండేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. మేం భోజనానికి ఆగినప్పుడు నా కుడి స్కీ, మా వారి ఎడమ స్కీ కలిపి ఒక కమ్మీలో పెడతాం. మిగిలిన రెండూ పది పన్నెండు అడుగుల అవతల మరో కమ్మీలో. దొంగ హడావిడిలో ఉంటాడు. చేతికి అందిన జతను భుజాన వేసుకుని తనవే అన్నట్టు జారుకుంటూ పోవాలి. రెండూ రెండు పొడవుల్లో, రెండు రంగుల్లో ఉంటే వాటితో కొండ దిగలేడు, అమ్మలేడు, సరిజత కోసం వెతుకుతూ నిలబడనూ లేడు.

అయితే విశ్రాంతి గారూ, ముందు ఒక సంగతి. పోయిన స్కీలన్నీ దొంగిలించినవి కావు. అద్దె దుకాణాలు ఒకే కంపెనీవి, ఒకే రంగువి వందల జతలు ఇస్తాయి. మధ్యాహ్నం భోజనశాల ముందు ఒకేలాంటివి ఇరవై జతలు నిలబడి ఉంటాయి. ఎండకు కళ్లు చెదిరి, కడుపునిండా తిని వచ్చినవాడు పక్కవాడివి తొడుక్కుని పోతాడు. బైండింగు, అంటే బూటును పట్టుకునే బిగింపు, ఒక్కొక్కరి బూటు అడుగు పొడవును బట్టి మిల్లీమీటర్లలో సరిచేసి ఉంటుంది. పొడవు తేడా ఉంటే బూటు ఎక్కదు, పొరపాటు అక్కడే తెలిసిపోతుంది. పొడవు ఒకటే అయితే మాత్రం సాయంత్రం దుకాణంలో అంకె చూసేదాకా ఎవరికీ తెలియదు.

మీ అబ్బాయి ఆ రోజు సాయంత్రం కమ్మీలు ఖాళీ అయ్యేదాకా ఆగి చూశాడా? అలాంటి జతే ఇంకొకటి దిక్కులేకుండా మిగిలిందా? కేబుల్ కారు కార్యాలయంలో దొరికిన సామాను దాచే గది ఉంటుంది, అక్కడ అడిగాడా?

కొర్లగుంట_విశ్రాంతి | డిసెంబరు 7, సాయంత్రం 6:45

అమ్మా జ్యోతీ, ఇప్పుడే ఫోను చేసి అడిగాను. ఆగలేదట, అడగలేదట. "చలిగా ఉంది నాన్నా" అన్నాడు. ఏం చెప్పను?

సందేహాల_సంధ్య (చిత్తూరు) | డిసెంబరు 7, సాయంత్రం 7:02

తెలియక అడుగుతున్నాను. అంత ఖరీదైనవి బయట ఎందుకు వదలడం? లోపలికి తీసుకువెళ్తే సరిపోదా?

జెనీవా_జ్యోతి | డిసెంబరు 7, రాత్రి 8:15

సంధ్యా, స్కీ మనిషి గడ్డం దాకానో నుదుటి దాకానో వస్తుంది. రెండు పక్కలా ఉక్కు అంచు, కొత్తగా పదును పెట్టి ఉంటే వేలు తెగుతుంది. ఒంటినిండా మంచు, లోపలికి రాగానే కరిగి నీరు. నూరు మంది భోంచేసేచోట అలాంటివి రెండొందలు ఊహించుకో. ఏ భోజనశాలా ఒప్పుకోదు. సీతాఫలాల బుట్టతో బస్సు ఎక్కితేనే కండక్టరు ఎలా చూస్తాడో తెలుసు కదా.

పోయే చోట్లు ముఖ్యంగా మూడు. మధ్యాహ్నం కొండమీది భోజనశాల. సాయంత్రం కొండ అడుగున సంగీతం పెట్టి బీరు పోసే చోటు. అక్కడ వెలుగు తగ్గుతుంది, మనుషులు తూలుతుంటారు, ఎవరివి ఎవరు తీస్తున్నారో చూసే నాథుడు ఉండడు. మూడోది రాత్రి: హోటల్ స్కీ గది తలుపు తెరిచి ఉండటం, కారు పైకప్పు మీద వదిలేయడం, కింది అంతస్తు బాల్కనీలో నిలబెట్టడం. ఇవి తెలిసి వచ్చే దొంగలకు పనికొచ్చేవి. మొదటి రెండు చోట్లా పోయేవి ఎక్కువగా అప్పటికప్పుడు బుద్ధి పుట్టి తీసినవి, లేదా పొరపాటున తీసినవి.

తిలక్‌రోడ్డు_తాళాలు (తిరుపతి) | డిసెంబరు 7, రాత్రి 10:05

మాది తిలక్ రోడ్డులో ఇనుప సామాన్ల అంగడి, మా నాన్న కాలం నుంచి తాళాలు అమ్ముతున్నాం. ఇంతసేపూ ఒక్కరూ తాళం మాట ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. సైకిల్‌కు వేసే గొలుసు తాళం తీసుకువెళ్లండి. మందం పది మిల్లీమీటర్లు. తెంచాలంటే మిషను కావాలి. మన తిరుపతి గొలుసు ముందు ఏ దొంగ నిలుస్తాడు?

జెనీవా_జ్యోతి | డిసెంబరు 8, ఉదయం 11:40

అన్నా, గొలుసు గట్టిదే. కానీ దాన్ని కోటు జేబులో వేసుకుని కొండమీద నుంచి జారాలి. పడితే పక్కటెముకల మీద పడుతుంది.

పుత్తూరు_వాసి | డిసెంబరు 8, మధ్యాహ్నం 12:10

పడితే పడనివ్వండి. పుత్తూరు కట్టు ఉండగా ఎముకల గురించి దిగులెందుకు? మావాళ్లు గుడ్డ, ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలతో బిగించి పంపుతారు. దేశమంతా వచ్చి కట్టించుకుంటారు. ఆస్ట్రియా వాళ్లు ఇంకా రాలేదు, అంతే.

తిలక్‌రోడ్డు_తాళాలు | డిసెంబరు 8, సాయంత్రం 5:30

సరేనమ్మా, బరువు సంగతి నాకు తట్టలేదు. అయితే సన్నని ఉక్కు తీగతో వచ్చే అంకెల తాళం చూడండి. డబ్బీలోంచి తీగ లాగితే వస్తుంది, వదిలితే లోపలికి చుట్టుకుంటుంది, అరచేతిలో ఇమిడిపోతుంది. ఉన్నమాట చెప్పాలి: ఆ తీగ రెండు మూడు మిల్లీమీటర్లే, గట్టి కటింగ్ ప్లయరుతో తెగుతుంది. కానీ ప్లయరు జేబులో పెట్టుకుని స్కీలమీద తిరిగేవాడు ఎందరు? పొరపాటున తీసేవాడిని మాత్రం నూటికి నూరు పాళ్లు ఆపుతుంది.

మా వృత్తి రహస్యాలు కొన్ని. కొత్త అంకెల తాళం సున్నా సున్నా సున్నాతో వస్తుంది, చాలామంది మార్చనే మార్చరు. వేసేటప్పుడు తీగను స్కీ చుట్టూ మాత్రమే చుట్టవద్దు. స్కీ నడుము సన్నం, మొన వెడల్పు అని జ్యోతమ్మ ఇందాక ఫోటో పంపితే చూశాను. బిగింపు లోపలి సందులోంచి దూర్చి, కదలని కమ్మీ చుట్టూ తిప్పాలి. కమ్మీ భూమిలో పాతి ఉందో, రెండు చేతులతో ఎత్తుకుపోయే బల్లో కూడా చూడండి. చెవితో తెరిచే తాళం వద్దు. లోపల చేరిన తడి గడ్డకడితే చెవి తిరగదు. తిరగని తాళంమీద వేడి నీళ్లు పోస్తారు కొందరు, ఐదు నిమిషాల్లో ఆ నీళ్లే మంచవుతాయి. పిడికిట్లో పట్టుకుని వెచ్చబెట్టండి, చాలు. నూనె వేయకండి, చలికి జిగురవుతుంది. పెన్సిల్ ముల్లు పొడి మేలు.

చిత్తూరు_మంచుపంతులు | డిసెంబరు 8, రాత్రి 9:20

చూశారా, మంచు చూడని మనిషి మంచు తాళం గురించి ఎంత చెప్పారో!

నాది చిత్తూరు, బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. రెండు చలికాలాలు సెలవు పెట్టి కశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్లి నేర్చుకున్నాను. మనవాళ్లు ఎక్కువమంది వెళ్లేది అక్కడికే కాబట్టి ఆ అనుభవం చెబుతాను. గుల్మార్గ్ ఊరే 2,650 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి గండోలా, అంటే కేబుల్ కారు, రెండు దశలు: మొదటిది కోంగ్‌డోరి దాకా, రెండోది అఫర్వత్ కొండ భుజం మీదికి, సుమారు 3,950 మీటర్లు. ఒక్కో డబ్బాలో ఆరుగురు. స్కీలను లోపలికి తీసుకువెళ్లం, తలుపు బయట ఉండే గొట్టాల్లో నిలబెడతాం. పైకి చేరగానే అక్కడి మనిషి చకచకా లాగి పక్కన పెట్టేస్తాడు. డబ్బా ఆగదు, మనమూ పరుగున దిగాలి. నా జత మారిపోయింది అక్కడే. ముంబయి నుంచి వచ్చిన ఒకాయన నావి తొడుక్కుని నిలబడ్డాడు, బిగింపు పడక బూటును తిడుతున్నాడు. "అయ్యా, తిట్టాల్సింది బూటును కాదు" అని నావి తీసుకున్నాను.

గుల్మార్గ్‌లో ఇంకో సంగతి. సామాను మోస్తామని, స్కీలు పట్టుకుంటామని వెంటపడేవాళ్లు చాలామంది. అందరూ బతుకుతెరువు కోసం వచ్చినవాళ్లే, దొంగలని నేననను. కానీ ఎవరి చేతికి ఇచ్చారో ముఖం గుర్తుంచుకోండి. టోపీ, మఫ్లరు వేసుకుంటే అందరూ ఒకేలా ఉంటారు. మీ సామాను ఎవరి దగ్గర ఉందో మీకు తెలియదు, ఎవరిది మోస్తున్నాడో ఆయనకూ తెలియదు.

అద్దె దుకాణం దగ్గర గుర్తింపు కార్డు అసలుది అడిగితే నకలు ఇచ్చి, డిపాజిట్ డబ్బు కట్టి రసీదు తీసుకోండి. పదేళ్ల పాత జతకు కొత్త జత ధర అడిగే వ్యాపారులూ ఉంటారు. పోతే ఎంత కట్టాలో తీసుకునేటప్పుడే రసీదు మీద రాయించుకుంటే తగవు ఉండదు. ఆ ఊళ్లో స్కీ దుకాణాన్ని చులకనగా చూడకండి. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు మన దేశం తరఫున వెళ్లిన ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ ఆ పక్క ఊరివాడే, వాళ్ల నాన్నది స్కీ సామాన్ల అంగడే.

సందేహాల_సంధ్య | డిసెంబరు 8, రాత్రి 9:41

పంతులు గారూ, మరి బూట్లు? వాటిని ఎవరూ ఎత్తుకుపోరా?

చిత్తూరు_మంచుపంతులు | డిసెంబరు 8, రాత్రి 10:02

పోతాయి. నావి పోలేదు కానీ మా గదిలో ఉన్న మిత్రుడివి బస దగ్గర మారిపోయాయి. రాత్రి బుఖారీ పొయ్యి దగ్గర ఆరబెట్టాడు, పొద్దున చూస్తే ఒకటి ఇరవై ఏడు, ఇంకొకటి ఇరవై ఎనిమిది సంఖ్య. రెండు రోజులు ఒక కాలు నొప్పితో తిరిగాడు. తడి బూటును చలిలో వదిలితే పొద్దున అది ప్లాస్టిక్ కాదు, రాయి. కాబట్టి ఆరబెట్టాలి, ఆరబెట్టిన చోట పేరు రాసిన గుడ్డ కట్టాలి.

చెప్పడం మరిచాను. దొంగ అవసరం లేకుండానే స్కీ పోయే దారి ఒకటుంది: మెత్తని లోతు మంచు. పడగానే బిగింపు ఊడుతుంది. స్కీకి రెండు బ్రేకు ముళ్లు ఉంటాయి, గట్టి మంచులో అవి ఆపేస్తాయి. లోతు మంచులో మాత్రం స్కీ చేపలా లోపలికి దూరిపోతుంది. అందరూ కిందికి వెతుకుతారు. కాదు, మీరు ఆగిన చోటు కంటే పైన, పడ్డ చోట వెతకాలి. ఉన్న ఒక్క స్కీని అడ్డంగా పెట్టి మంచును గీసుకుంటూ రావాలి. నేను నలభై నిమిషాలు గీశాను. ఆ కోపం ఇంకా ఉంది.

బీమా_బాలు (మదనపల్లె) | డిసెంబరు 9, ఉదయం 7:50

ఇరవై ఏళ్లుగా బీమా పనిలో ఉన్నాను. విశ్రాంతి గారు వీసా కోసం ప్రయాణ బీమా తీసుకునే ఉంటారు. షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అది ఉంది కదా అని స్కీలకూ వర్తిస్తుందనుకుంటే పొరపాటు. ఆ మొత్తం ఆసుపత్రికి. మన దగ్గర అమ్మే చాలా పాలసీల్లో సామాను రక్షణ అంటే విమానంవాళ్లకు అప్పగించిన పెట్టె పోవడమే. పైగా స్కీయింగ్‌ను సాహస క్రీడగా లెక్కగట్టి, దాని వల్ల తగిలే దెబ్బలనే మినహాయించే పాలసీలు ఉన్నాయి. స్కీల సంగతి తర్వాత, మీ కాళ్ల సంగతి ముందు చూసుకోండి. అదనపు రుసుముతో సాహస క్రీడల రక్షణ చేర్చమని అడగండి, చేర్చారని కాగితం మీద కనిపించాలి.

స్కీల కోసం అద్దె దుకాణమే రోజుకు కొద్ది యూరోలకు దొంగతనం, విరగడం మీద రక్షణ ఇస్తుంది. తీసుకోండి. కానీ మూడు ప్రశ్నలు అడిగాకే. పోతే మీ వాటాగా ఎంత కట్టాలి? పోలీసు ఫిర్యాదు కాగితం కావాలా? (దాదాపు ఎప్పుడూ కావాలి.) రాత్రిపూట బయట వదిలితే వర్తిస్తుందా? ఈ మూడో దానికి చాలాచోట్ల జవాబు "వర్తించదు" అనే.

రేణిగుంట_రైలు | డిసెంబరు 9, ఉదయం 8:15

రోజుకు కొద్ది యూరోలు, ముగ్గురికి, ఆరు రోజులు. ఆ డబ్బుతో ఇక్కడ ఒక కుటుంబం పది రోజులు తింటుంది. పోతాయో లేదో తెలియని వాటికి అంత ఎందుకండీ?

బీమా_బాలు | డిసెంబరు 9, ఉదయం 8:40

రాజు గారూ, మీ స్కూటరుకు బీమా ఉందా?

రేణిగుంట_రైలు | డిసెంబరు 9, ఉదయం 8:44

నా పేరు రాజు అని మీకెలా తెలుసు? ఉంది. కానీ అది చట్టం.

బైరాగిపట్టెడ_వకీలు | డిసెంబరు 9, రాత్రి 8:30

చట్టం మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. మన దేశంలో 2024 జులై 1 నుంచి దొంగతనం భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కిందికి వస్తుంది. దొంగతనం కావాలంటే అక్రమంగా తీసుకోవాలన్న ఉద్దేశం ఉండాలి. గండోలా దగ్గర పంతులు గారి జత తొడుక్కున్న ముంబయి ఆయన దొంగ కాడు. తనవి కావని తెలిశాక కూడా హోటల్‌కు తీసుకుపోయి దాచుకుంటే సంగతి వేరు. గుల్మార్గ్‌లో పోయి, తిరుపతి వచ్చాక తెలివి వస్తే ఇక్కడి స్టేషనులో కూడా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వవచ్చు. నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ పరిధితో పనిలేకుండా ఫిర్యాదు తీసుకోమంటుంది. కానీ సలహా ఇస్తున్నది వకీలుగా: అక్కడే ఇవ్వండి. ఇక్కడి కానిస్టేబులుకు స్కీ అంటే ఏమిటో చెప్పేసరికి మధ్యాహ్నం అవుతుంది.

ఆస్ట్రియాలో పోతే అక్కడి చట్టం, అక్కడి పోలీసులే. పోలీసు నంబరు 133, ఐరోపా అంతటా అత్యవసరానికి 112. స్కీ పోవడం ప్రాణం మీదికి వచ్చిన సంగతి కాదు కాబట్టి మామూలు స్టేషనుకు నడిచి వెళ్లి రాతపూర్వక ఫిర్యాదు నకలు తీసుకోండి. అక్కడ వాళ్లు అడిగేవి కంపెనీ, నమూనా, పొడవు, సంఖ్య. వీటికి "నల్లగా ఉంటాయండీ" అని చెప్పే పరిస్థితి తెచ్చుకోకండి. దుకాణంలో తీసుకున్న నిమిషంలోనే స్కీ పైభాగం, అడుగుభాగం, సంఖ్య అంటించిన చోటు మూడూ ఫోటో తీయండి.

తలకోన_కుర్రాడు | డిసెంబరు 9, రాత్రి 9:05

ఇంత శ్రమ దేనికి, బటన్ బిళ్ల అంత ట్రాకర్ వస్తోంది కదా, అంటిస్తే ఫోనులో కనిపిస్తుంది.

జెనీవా_జ్యోతి | డిసెంబరు 9, రాత్రి 10:30

నేను వాడాను తమ్ముడూ. చుట్టుపక్కల ఫోన్లు ఉన్నచోట బాగా చూపిస్తుంది, మనుషులు లేని వాలులో చూపించదు. చలికి చిన్న బ్యాటరీ నీరసపడుతుంది. అద్దె స్కీకి జిగురుతో అంటిస్తే దుకాణంవాడు ఊరుకోడు. సొంత స్కీకైతే సరే. చూపించినా, పార్కింగులో ఎవరి కారులోనో ఉందని తెలిస్తే నువ్వే వెళ్లి తలుపు తట్టవద్దు, పోలీసులకు చూపించు.

విశ్రాంతి గారూ, మీకు ఇంకో సౌకర్యం ఉంది. చాలా అద్దె దుకాణాలకు, మనల్ని కొండమీదికి చేర్చే లిఫ్టు మొదలయ్యే చోటనే, తాళం పెట్టే గది ఉంటుంది. సాయంత్రం స్కీలు, బూట్లు, కర్రలు అక్కడే పెట్టి మామూలు చెప్పులతో హోటల్‌కు నడవవచ్చు. అలిపిరి దగ్గర నడకదారి భక్తుల సామాను తీసుకుని రసీదు ఇస్తే, మనం చేతులూపుకుంటూ 3,550 మెట్లు ఎక్కి కొండమీద తీసుకోమూ? అలాగే, కాకపోతే ఇక్కడ కొన్నిచోట్ల డబ్బు తీసుకుంటారు.

చెప్పుల_శాస్త్రి | డిసెంబరు 10, ఉదయం 6:30

అలిపిరి రసీదు పోగొట్టుకున్న మా బావమరిది కథ ఇంకోసారి చెబుతాను.

కొర్లగుంట_విశ్రాంతి | డిసెంబరు 10, ఉదయం 9:15

అందరికీ కృతజ్ఞతలు. తాళం ఒకటి తిలక్ రోడ్డు అంగడిలోనే తెప్పించుకున్నాను. అంకె మా పాత స్కూటరు నంబరు పెట్టాను. అమ్మాయి మెరిసే ఆకుపచ్చ టేపు కొంది, మా స్కీలన్నిటికీ మొనమీద చుడుతుందట. వచ్చాక రాస్తాను.

కొర్లగుంట_విశ్రాంతి | ఫిబ్రవరి 24, రాత్రి 8:50

వచ్చాం. అందరికీ మళ్లీ నమస్కారం. దొంగతనం ఏదీ జరగలేదు, కానీ జరిగింది చెప్పాలి.

తాళం మొదటిరోజు వేశాను. భోజనం అయ్యాక తీయబోతే అంకెలు ఆవగింజంత. కళ్లద్దాలు పెడితే ఆవిరి పట్టాయి, తీస్తే కనిపించవు. మా ఆవిడ ఊదుతుంది, నేను తుడుస్తాను, అమ్మాయి ఫోటోలు తీస్తోంది. చివరికి పక్కనున్న జర్మన్ కుర్రాడికి మా స్కూటరు నంబరు చెప్పి తీయించుకున్నాను. ఆ కుర్రాడికి, వెనక నిలబడ్డ పదిమందికి మా రహస్య అంకె తెలిసిపోయింది. రెండో రోజు నుంచి శాస్త్రి గారి పద్ధతే.

నాది, అబ్బాయిది ఒక జట్టు; మా ఆవిడది, అమ్మాయిది ఒక జట్టు. బ్రహ్మాండంగా సాగింది. మూడో రోజు సాయంత్రం దుకాణంలో అప్పగిస్తుంటే ఆయన అడ్డగీతల స్టిక్కరు మీద మిషను పెట్టి ఆగిపోయాడు. తల్లి స్కీ ఒకటి, కూతురి స్కీ ఒకటి జతగా వచ్చాయి! ఇద్దరివీ ఒకే కంపెనీ, ఒకే పొడవు, ఒకే సంఖ్య బూట్లు, అందుకే బిగింపు కూడా చక్కగా పట్టింది. ఊరివాళ్ల స్కీల నుంచి మావి వేరుగా కనబడాలని అన్నిటికీ ఒకే ఆకుపచ్చ టేపు చుట్టాం. మావాటిలో మావి వేరుగా కనబడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మధ్యాహ్నం విడివిడిగా తెచ్చి కలిపేటప్పుడు తారుమారు చేశాం.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. బిగింపు మీద చిన్న అంకె చూపించాడు. తల్లిది మూడున్నర, కూతురిది ఐదు. పడినప్పుడు ఎంత ఒత్తిడికి బూటు ఊడాలో చెప్పే అంకె అది. బరువు, ఎత్తు, వయసు, నేర్పు చూసి పెడతారట, యాభై దాటితే తగ్గిస్తారట. అంటే మధ్యాహ్నమంతా మా ఆవిడ ఒక కాలికి తన వయసు, ఇంకో కాలికి కూతురి వయసు కట్టుకుని జారింది. పడి ఉంటే ఆ కాలి స్కీ ఊడకుండా మోకాలిని తిప్పేసేది. అబ్బాయి ఇదంతా అనువదించి చెబుతుంటే నాకు చలిలో చెమట పట్టింది.

మర్నాడు పొద్దున మా ఆవిడ తన పెట్టెలోంచి పసుపు దారం తీసి తన రెండు స్కీల బిగింపులకూ ముడి వేసింది. దుకాణం ఆయన అదేమిటని అడిగాడు. అబ్బాయి ఏం చెప్పాడో జర్మన్‌లో చెప్పాడు, ఆయన మాత్రం తలవంచి నమస్కారం పెట్టాడు.

పుత్తూరు_వాసి | ఫిబ్రవరి 24, రాత్రి 9:10

అంకె మూడున్నర, ఐదు సంగతి మా కట్టువాళ్లకు చెబుతాను. మోకాళ్లు క్షేమమేనా?

కొర్లగుంట_విశ్రాంతి | ఫిబ్రవరి 24, రాత్రి 9:14

క్షేమం. నేను పిల్లల వాలు దాటి పైకి వెళ్లలేదు.

తిలక్‌రోడ్డు_తాళాలు | ఫిబ్రవరి 24, రాత్రి 9:30

పెద్ద అంకెల తాళం వచ్చిందండీ. బీగం మార్చి ఇస్తాను, పాతది తీసుకురండి.

జెనీవా_జ్యోతి | ఫిబ్రవరి 25, మధ్యాహ్నం 2:05

టేపు సంగతి నాకూ పాఠమే, నేనెప్పుడూ చెప్పలేదు. మా ఇంట్లో ఇద్దరివీ వేర్వేరు పొడవులు కాబట్టి తట్టలేదు. ఇంతకీ మీ అబ్బాయి పాత స్కీల కోసం ఆ కేబుల్ కారు కార్యాలయంలో అడిగాడా?

కొర్లగుంట_విశ్రాంతి | ఫిబ్రవరి 25, సాయంత్రం 6:20

నేనే లాక్కెళ్లి అడిగించానమ్మా. దొరికిన సామాను గది తెరిచి చూపించారు. చేతిమోజోళ్లు, శిరస్త్రాణాలు, ఒక కట్టుడు పళ్ల సెట్టు. మావాడి జత లేదు. కానీ గోడకు ఆనించి ఒంటి స్కీలు తొమ్మిది ఉన్నాయి, ఒక్కటీ జత కాదు. ఎందుకు అని అడిగితే, "దొంగలు తీసుకుపోకూడదని విడివిడిగా పెడతారు, రెండోది ఎక్కడ పెట్టారో మరిచిపోతారు" అన్నాడు ఆ మనిషి.

చెప్పుల_శాస్త్రి | ఫిబ్రవరి 25, సాయంత్రం 6:48

కొబ్బరికాయల అంగడి దగ్గర నావి మూడున్నాయి.